ఫ్రిజ్‌కి కుట్టిన బొంత

మా ఆయనకి విప్పే పిచ్చి. ఆ పిచ్చి ఎక్కడ అంటుకుందో కూడా నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపారు. పొద్దున తొమ్మిదింటికి స్టూలు మీద కూర్చుంటే సాయంత్రం ఆరింటిదాకా పైకీ కిందకీ, పైకీ కిందకీ. నొక్కడానికి ఏడు బటన్లు. ఆ లిఫ్టు ఎప్పుడైనా మొరాయిస్తే కంపెనీవాళ్లు వచ్చి, "పెద్దాయనా, కాస్త పక్కకి జరుగు" అని, మూత తీసి, లోపల ఏదో చేసి, మూత పెట్టేసి పోయేవాళ్లు. ఈయన్ని తొంగి కూడా చూడనిచ్చేవాళ్లు కాదట. ఆ కసంతా ఇంటికొచ్చి నా సామాను మీద తీర్చుకునేవారు. ఇస్త్రీపెట్టె విప్పారు. గోడగడియారం విప్పారు. విప్పడం బ్రహ్మాండంగా వచ్చు. బిగించాక మాత్రం ఎప్పుడూ రెండు స్క్రూలు మిగిలేవి. "ఇవి ఎక్స్‌ట్రా ఇస్తారోయ్" అనేవారు. ఏ కంపెనీవాడు ఇస్తాడండీ ఎక్స్‌ట్రా స్క్రూలు?

ఇక మా మొదటి ఫ్రిజ్ సంగతి ఈ వీధిలో తెలియనివాళ్లు లేరు. తెలియకపోతే నేను ఊరుకుంటానా? పద్దెనిమిదేళ్ల కిందట మాట. పై అరలో ఐసు కొండలా పేరుకుపోయింది. స్విచ్ ఆపేసి ఒక పూట వదిలేస్తే అదే కరుగుతుందండీ అని చెప్పాను. "ఐదు నిమిషాల పనికి ఒక పూటేంటి" అని స్క్రూడ్రైవర్ తీసుకుని, బావి తవ్వుతున్నట్టు పొడవడం మొదలుపెట్టారు. ఐదో పోటుకి "బుస్స్స్" అంది. గ్యాసు. ఆ బుస్సుతో ఫ్రిజ్ ప్రాణం పోయింది. ఆ ఎండాకాలం అంతా గోరువెచ్చటి నీళ్లు తాగి బతికాం.

ఆ రోజే ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, టెస్టరు అన్నీ నా కుట్టుమిషను సొరుగులో పడేసి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో, కొలతల టేపుతో పాటు. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పాల్సిందే. బుస్సు దగ్గరికొచ్చేసరికి బుగ్గలు పూరించి నేను చేసే చప్పుడికి జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. ఆయన ఒక మూల కూర్చుని తల వంచుకుని తనూ నవ్వేవారు. ఎవరికీ లోకువ కాని మనిషి నా ఒక్కదానికే లోకువ. పెళ్లామంటే అంతే మరి అనుకునేదాన్ని.

నాది కుట్టుపని. స్కూలు యూనిఫాంలు, కర్టెన్లు, దిండు గలీబులు. చేతిలో గుడ్డముక్క మిగిలితే ఊరుకోలేను. టీవీకి తొడుగు, మిక్సీకి తొడుగు, గ్యాసు సిలిండరుకి కూడా ఝాలరు. మా కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఇల్లంతా తిరిగి చూసి, "అత్తయ్యా, ఈ ఇంట్లో బట్టలు కట్టుకోనివి గోడలొక్కటే" అంది. ఆ మాటకే ఆ పిల్ల నాకు నచ్చేసింది.

ఆ పిల్లకి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. కిలో నూట పది గ్రాములు. అద్దాలపెట్టెలో పెట్టారు. బయటి నుంచి చూసొచ్చి మా ఆయన నాకు అరచెయ్యి మూసి చూపించారు. "గుప్పెడుందోయ్. అంతే. గుప్పెడు." అప్పట్నుంచి దాని పేరు గుప్పెడే.

గుప్పెడుకి పీల్చే శక్తి లేదు. కోడలు మూడు గంటలకోసారి పాలు పిండి ఇస్తే, ముక్కులో గొట్టం ద్వారా చుక్క చుక్కగా పోసేవారు. మొదట్లో పాలు బాగానే పడేవి. దానికి సరిపోగా మిగిలినవి చిన్న ప్యాకెట్లలో పోసి మా ఫ్రీజర్లో దాచేది. మధ్యలో ఒకసారి డబ్బాపాలు పట్టిస్తే పసిదాని కడుపు ఉబ్బిపోయి, ఒళ్లు నీలంగా మారి, రెండు రోజులు మా ప్రాణాలు తోడేసింది. ఇక సాధ్యమైనంత వరకూ తల్లిపాలే అన్నాడు డాక్టరు. అన్నాడు సరే, ఆ రెండు రోజుల భయానికి కోడలికి పాలు సగానికి పడిపోయాయి. ఏం తిన్నా, ఏం తాగినా అంతే. తగ్గిన ఆ సగం ఫ్రీజర్లోంచే వెళ్లేది. వాడగా వాడగా చివరికి మిగిలినవి ఇరవైమూడు ప్యాకెట్లు. గుప్పెడు ఒళ్లు చేసేదాకా దాని ప్రాణం ఆ ఇరవైమూడింట్లో ఉంది.

ప్రతి ప్యాకెట్ మీదా కోడలు ఒక కాగితం అంటించేది. తేదీ, టైము, ఎన్ని మిల్లీలీటర్లు, కింద సన్నటి అక్షరాలతో ఒకటి రెండు మాటలు. "అవి దానికి ఉత్తరాలు అత్తయ్యా. చదవకండేం" అంది. నాకు నోరు ఎక్కువ గానీ మాట తప్పే మనిషిని కాదు. చదవలేదు.

ఆ పాలు ఇంట్లో ఉన్నప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. బయట ఎండలు మండిపోతున్నాయి. ఒకరోజు ఫ్రిజ్ పక్కగోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. అయ్యో, ఈ ఎండ వేడంతా లోపలికి పోతోందే అనుకున్నా. అంతే, మిషను ముందు కూర్చున్నా. యూనిఫాంల నీలం గుడ్డ, మధ్యలో దూది, నాలుగు వరసల కుట్టు. తలుపుకి మాత్రం దారి వదిలి, ఫ్రిజ్‌కి రెండు పక్కలా పైనా వెనకా మెత్తటి బొంత కుట్టి తొడిగాను. రేపు గుప్పెడు వస్తే మంచం వెయ్యాలి కదా అని దాన్ని గోడకి అంటించి, వేలు కూడా దూరనంతగా నెట్టాను.

మా ఆయన చూసి గడ్డం గోక్కున్నారు. "ఏమోయ్, దానికి గాలి ఆడాలేమో."

"ఫ్రిజ్‌ల గురించి మాట్లాడేది మీరా?" అని బుగ్గలు పూరించి "బుస్స్" అన్నాను. ఆయన తల వంచుకుని నవ్వి పేపరు తీసుకున్నారు.

పది రోజులు గడిచాయి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. కోడలు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లింది, సాయంత్రం ఆరింటికి గానీ రాదు. మావాడు ప్రింటింగ్ ప్రెస్సులో డ్యూటీకి పోయాడు. నేను యూనిఫాం నిక్కర్లు కుడుతున్నా, ఈయన పేపరు చదువుతున్నారు. దారం తెగింది, మిషను ఆపాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది. వంటింట్లోంచి "టక్" అని చిన్న చప్పుడు. కాసేపటికి మళ్లీ "టక్". తర్వాత ఏమీ లేదు.

"ఫ్రిజ్ మోగట్లేదేంటండీ?" అంటూ పరిగెత్తాను.

ఫ్రీజర్ తలుపు తీశాను. రోజూ తెల్లగా మంచు పట్టి ఉండే ప్యాకెట్లకి చెమట పట్టింది. తట్టి చూస్తే గట్టిగానే ఉన్నాయి గానీ, పైన ఉన్నదాని కాగితం తడిసి సిరా పాకుతోంది. చదవకూడదనుకుంటూనే కళ్లు దాని మీద పడ్డాయి. "ఈరోజు నా వేలు పట్టుకున్నావు. నర్సమ్మ విడదీసేదాకా వదల్లేదు." తలుపు మూసేశాను.

ఆసుపత్రికి ఫోన్ చేసి పిల్లల వార్డు సిస్టర్ని అడిగాను. "ముందు ఆ తలుపు తీయడం ఆపండమ్మా" అంది. "నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసే ఉంచితే కొన్ని గంటలు ఆగుతుంది. గడ్డగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. కరిగి నీళ్లయితే మాత్రం మళ్లీ గడ్డకట్టించకూడదు. ఒక్క రోజులో వాడెయ్యాలి. మిగిలింది పారబొయ్యాలి."

"మీ దగ్గర పెట్టుకోండి తల్లీ, మీ కాళ్లు పట్టుకుంటా."

"ఇక్కడ ఒక్కో తల్లికీ ఒక్క రోజు పాలకే చోటమ్మా. ముప్పైమంది తల్లులున్నారు."

ఒక్క రోజులో గుప్పెడు తాగేది నాలుగు ప్యాకెట్లు. మిగతా పంతొమ్మిది నా చేత్తో నేను సింకులో పొయ్యాలి. ఎదురింటి టీచరమ్మకి పెద్ద ఫ్రిజ్ ఉంది గానీ, స్కూలు నుంచి ఐదున్నరకి గానీ రాదు, తాళం ఆవిడ దగ్గరే. పై వాటా కుర్రాళ్లకి ఫ్రిజ్ లేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "ఎండాకాలం కదమ్మా, ఎవరింట్లో చూసినా ఇదే గోల. రేపు పదకొండింటికి వస్తా, మాట" అని పెట్టేశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. భయమేస్తే ఏడవడం రాదు నాకు, తిట్టడమొక్కటే వచ్చు. "మీరే! మీరే ఏదో కెలికి ఉంటారు! నేను మార్కెట్టుకి పోయినప్పుడు వెనక చెయ్యి పెట్టి ఉంటారు!"

"నేను ముట్టుకోలేదోయ్."

"ముట్టుకోకుండా దానంతట అది ఆగుతుందా? ఆ పాలకి ఏమన్నా అయితే ఆ పిల్లకి నా మొహం ఎలా చూపించను? ఎవరి చేతివల్ల ఇది ఆగిందో ఆ చేతులు పడిపోనూ!"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి లేచారు. నా ముందుకొచ్చి చెయ్యి చాపారు. "తాళంచెవి ఇలా ఇవ్వు."

"దేనికి?"

"చూస్తాను. ఫ్రీజర్ జోలికి పోను, వెనకవైపే. రేపు పదకొండింటిదాకా చేతులు ముడుచుకుని కూర్చుందామంటావా?"

పద్దెనిమిదేళ్లలో ఆయన ఆ తాళంచెవి అడగడం అదే మొదటిసారి. నాకు చెవుల్లో బుస్సుమంటూనే ఉంది. అయినా ఆ చాచిన చెయ్యి వెనక్కి పోలేదు. మెడలోంచి తాడు తీసి ఇచ్చేశాను.

ఆయన మొదట ప్లగ్ తీసి వైరు కొస నా చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గరే ఉంచు. నేను చెప్పేదాకా పెట్టనివ్వకు, నన్ను కూడా." తర్వాత ఇద్దరం కలిసి ఫ్రిజ్‌ని కదిలీ కదలకుండా ముందుకి లాగాం. ఆయన బొంత ముడులు విప్పారు.

"అయ్యో, చల్లదనం పోతుందండీ!"

వినిపించుకోలేదు. బొంత కింద చెయ్యి పెట్టి ఫ్రిజ్ పక్కగోడ తాకి, చటుక్కున వెనక్కి తీసుకున్నారు. వంగి వెనకవైపు కింద ఉన్న జల్లెడ రేకులోంచి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తల తిప్పి నా వైపు చూశారు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"ఏమోయ్, నువ్వెళ్లి ఐసు పట్టుకురా. పొడి కాదు, దిమ్మ. ఒకవేళ ఇది లేవకపోతే పాలు ఐసులో సర్దుదాం."

బకెట్ పట్టుకుని బయల్దేరాను. సందు చివర జ్యూసు కొట్టువాడి దగ్గర ఐసు అయిపోయింది. చేపల మార్కెట్టుదాకా ఎండలో నడిచాను. అక్కడ ఒకతను దిమ్మ ఇవ్వనన్నాడు, సాయంత్రానికి తనకే చాలదట. "నెలలు నిండని పసిదాని పాలకి నాయనా" అన్నాను. ఇంక మాట్లాడకుండా సగం దిమ్మ పగలగొట్టి, గోనెగుడ్డ చుట్టి ఇచ్చాడు. ఎవరినీ బతిమాలని మనిషిని, ఆ రోజు ఇద్దరిని బతిమాలాను.

ఇంటికొచ్చేసరికి గంట దాటింది. ఈయన వంటింట్లో నేల మీద చతికిలబడి ఉన్నారు. మోచేతులదాకా నలుపు. ఫ్రిజ్ వెనక రేకు ఊడదీసి గోడకి ఆనించి ఉంది. లోపల యంత్రం మీదకి టేబులు ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నా మిషను తుడుచుకునే బ్రష్షు పక్కన పడి ఉంది, నల్లగా. బొంత మడత పెట్టి మూలన ఉంది.

"ఏమైందండీ? తెలిసిందా?"

"రిలే పోయింది."

"అంటే?"

"కంప్రెసర్‌ని లేపే చిన్న ముక్క. వయసైపోయి పోయింది, ఎవరి తప్పూ కాదు. కొట్టుకెళ్లి తెచ్చి మార్చేశా."

"మరి ఈ ఫ్యాను?"

"ఆరాలి."

"ఏం ఆరాలి?"

"రిలే."

"రిలే ఆరుతుందా?"

"ఆరుతుందోయ్. నీకు తెలీదు."

నాకు నిజంగానే తెలీదు కాబట్టి ఊరుకున్నా. నాలుగు స్క్రూలు నా సుద్దముక్కల డబ్బా మూతలో వరసగా పెట్టుకున్నారు. రేకు బిగించేటప్పుడు నేను లెక్కపెట్టాను. నాలుగూ వెళ్లాయి. ఒక్కటీ మిగల్లేదు.

బిగించేముందు ఆయన గంటసేపు అక్కడే కూర్చున్నారు. మధ్యమధ్యలో చెయ్యి లోపలికి పెట్టి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ఆ యంత్రాన్ని తాకేవారు. "ఇంకా కాలుతోంది. ఇంకాసేపు." నేను వైరు పట్టుకుని కూర్చున్నా. నాకు ఫ్రీజర్ తెరిచి చూడాలని చేతులు పీకేస్తున్నాయి. ఆయన, "తెరవకు, తెరవకు, అవి చల్లగా పడుకున్నాయి" అంటున్నారు. ఇద్దరం అలా నేల మీద పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో.

మూడు దాటాక, "పెట్టు" అన్నారు.

ప్లగ్ పెట్టాను. "టక్" అంది. తర్వాత సన్నగా, గుర్రుమని, ఫ్రిజ్ మోగడం మొదలుపెట్టింది. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. ఆయన భుజం మీద తల పెట్టి, ఇంట్లో ఎవరూ లేరు కదా అని, బావురుమన్నాను. ఆయన నల్లటి చేతులు నాకు అంటకుండా గాల్లో పట్టుకుని, "ఊరుకోవోయ్, ఊరుకో" అంటూ కూర్చున్నారు.

ముక్కు చీదుకుని లేచి, "బొంత తొడిగేస్తాను" అన్నా.

"వద్దు!" అని అరిచినంత పని చేశారు. మళ్లీ గొంతు తగ్గించి, "మాసిపోయింది. ఉతికి దాచు. గుప్పెడు వచ్చాక మంచం మీద పరుద్దాం, మెత్తగా ఉంటుంది" అన్నారు. ఫ్రిజ్‌ని కూడా గోడకి జానెడు దూరంలో వదిలేశారు. మళ్లీ ఏదైనా వస్తే చెయ్యి దూరాలి కదా అన్నారు. సరే, చేసింది ఆయన, చెప్పినట్టు విందాం అనుకున్నా.

ఆరింటికి కోడలు వచ్చింది. వంటింటి గుమ్మంలో ఐసు బకెట్ చూసి అక్కడే ఆగిపోయింది. "అత్తయ్యా, ఐసెందుకు?" మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను ఈయన వైపు చూశాను.

"ఫ్రిజ్ కాసేపు మొండికేసిందమ్మా" అన్నారు ఈయన. "రిలే పోయింది, మార్చేశా. నీ పాలు రాళ్లలా ఉన్నాయి. కావాలంటే చూసుకో."

ఆ పిల్ల ఫ్రీజర్ తీసి ఒక్కొక్క ప్యాకెట్టూ తడిమింది. ఇరవైమూడూ తడిమింది. తలుపు మూసి, అక్కడే నేల మీద కూర్చుని, వీపు ఫ్రిజ్ పక్కగోడకి ఆనించి ఏడ్చింది. ఎన్ని రోజుల ఏడుపో అది. మావాడి ముందు ఏడవలేదు, ఆసుపత్రిలో ఏడవలేదు. ఈయన మోకాళ్లు టకటకలాడించుకుంటూ పక్కన కూర్చున్నారు. నేను తాగడానికి నీళ్లు తెద్దామని హాల్లోకి వెళ్లొచ్చేసరికి ఇద్దరూ గుసగుసగా ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. మామాకోడళ్లకి ఎప్పుడూ ఏవో గూడుపుఠాణీలు ఉంటాయిలే అని పట్టించుకోలేదు.

వారం రోజులుగా ఎంత పిండినా ముప్పై మిల్లీలీటర్లు దాటని పిల్ల, ఆ సాయంత్రం సీసా పట్టుకుని గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, అరవై ఐదు! చూడండి, అరవై ఐదు!" ఆ తర్వాత ప్యాకెట్ మీద కాగితం రాయడానికి చాలాసేపు కూర్చుంది.

మర్నాడు పదకొండింటికి మెకానిక్ ఊడిపడ్డాడు. వద్దని చెప్పడం నేను మర్చిపోయాను. ఈయన ఆసుపత్రికి పాలు పట్టుకెళ్లారు. వచ్చినవాణ్ని పొమ్మనడం ఎందుకు, ఒకసారి చూడు బాబూ, రిలే మార్చారు సరిగ్గా ఉందో లేదో అన్నాను. వెనక రేకు విప్పి టార్చి వేసి చూశాడు.

"రిలే మార్చలేదమ్మా. ఇది ఫ్రిజ్‌తో వచ్చిందే. బాగానే ఉంది."

"మార్చానన్నారే!"

"లేదమ్మా. కానీ ఎవరో లోపలంతా తుడిచారు. బాగా తుడిచారు. సాధారణంగా ఇక్కడ దుమ్ము గుట్టలా ఉంటుంది." టార్చి ఇటూ అటూ తిప్పి, మూల నుంచి ఒక నీలం దారప్పోగు తీశాడు. "మీరు బట్టలు కుడతారా? ఈ నూగు చేరితే గాలి ఆడదు. ఫ్రిజ్‌కి ఏమన్నా కప్పారా ఈమధ్య?"

"బొంత" అన్నాను. "ఎండ వేడి లోపలికి పోకుండా. పక్కన వెచ్చగా తగిలిందని."

అతను నవ్వలేదు, పాపం. "అది బయటి వేడి కాదమ్మా. లోపలి వేడిని ఫ్రిజ్ ఆ పక్కగోడల్లోంచే బయటికి పంపిస్తుంది. మీరు దారి మూసేశారు. కంప్రెసర్ ఉడికిపోయి ఆగింది. తుడిచి, చల్లారబెట్టి మళ్లీ పెట్టినాయన ఎవరో గానీ మంచిపని చేశాడు. ఇంకో రెండు రోజులైతే కంప్రెసరే కాలిపోయేది."

అతను వెళ్లాక, నేను స్నానాలగదిలో నానబెట్టాల్సిన బట్టల్లోంచి ఆయన నిన్నటి చొక్కా తీశాను. జేబు బరువుగా ఉంది. అందులో కొత్త రిలే. ప్లాస్టిక్ కవరు విప్పకుండా. నేను అడిగితే చూపించడానికి కొనుక్కొచ్చి పెట్టుకున్నారన్నమాట, నేను అడగనే లేదు. దాని కింద పిడికెడు నూగు ఉండ. నా నీలం గుడ్డ పోగులు, నా దూది, నా దారాలు. చెత్తబుట్టలో వేస్తే నా కంట పడుతుందని జేబులో దాచుకున్నారు.

ఆ నూగు ఉండ పట్టుకుని స్నానాలగది గట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన తప్పుని పద్దెనిమిదేళ్లు ఊరంతా ఊరేగించాను. నా తప్పుని ఆయన కడుపులో పెట్టుకుని దాచారు. అది కూడా ఎప్పుడు? ఎవరి చేతివల్ల ఆగిందో ఆ చేతులు పడిపోనూ అని నేను శాపనార్థాలు పెట్టిన గంటకే. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో.

రిలే, నూగు ఉండ రెండూ ఆ సొరుగులోనే స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టాను. తాళంచెవి మాత్రం మళ్లీ మెడలో వేసుకోలేదు. ఆయన చొక్కాలు తగిలించుకునే మేకుకి వేలాడదీశాను. ఆయన చూశారు. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. చెప్పాలని రోజూ నోటిదాకా వచ్చేది. ఆయనకి చెప్పడం తేలికే. కోడలికి ఎలా చెప్పను? నీ బిడ్డ పాలు నా చేత్తోనే పోగొట్టబోయానమ్మా అని ఎలా అనను?

మూడు వారాలకి గుప్పెడు కిలో ఎనిమిది వందలు తూగింది. తల్లి దగ్గర సొంతంగా పీల్చడం నేర్చుకుంది. ఇంటికి పంపించారు. బొంత నాలుగుసార్లు ఉతికి, ఎండబెట్టి, మంచం మీద పరిచి, దాని మీద పడుకోబెట్టాం. ఆ నీలం బొంత మధ్యలో అదెంత! వేలెడు. అయినా దాని ఆవలింత చూడాలి మీరు, ఇల్లంతా దానిదే అన్నట్టు.

సాయంత్రం ఎదురింటి టీచరమ్మ చూడటానికి వచ్చింది, పై వాటా కుర్రాళ్లు వచ్చారు. పాపాయిని చూశారు, మురిశారు, కూర్చున్నారు. కుర్రాళ్లలో ఒకడు ఫ్రిజ్ ఆగిన సంగతి విన్నాడట. టీచరమ్మ వెంటనే, "అయితే ఆ పాత బుస్సు కథ ఒకసారి చెప్పండి, ఈ అబ్బాయిలు వినలేదట" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పుడే తల వంచుకుని నవ్వు సిద్ధం చేసుకుంటున్నారు. పద్దెనిమిదేళ్లుగా అదే నవ్వు. అది సిగ్గని నాకు అంతవరకూ కనపడనే లేదు.

"ఇప్పుడే వస్తా" అని లేచి కోడలిని వంటింట్లోకి పిలిచాను. ఫ్రిజ్ ముందు నిలబెట్టి, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. బొంత, నూగు, మెకానిక్, విప్పని రిలే. "రిలే కాదమ్మా. నేనే. నీ పాలు నేనే పోగొట్టేదాన్ని. నన్ను తిట్టు. ఏదో ఒకటి అను."

ఆ పిల్ల ఫ్రీజర్ తెరిచింది. లోపల ఒకే ఒక్క ప్యాకెట్ మిగిలింది. అది తీసి నా చేతిలో పెట్టింది. "చదవొద్దన్నాను కదా అత్తయ్యా. ఇదొక్కటి చదవండి."

ఫ్రిజ్ ఆగిన రోజు తేదీ. సాయంత్రం ఏడు. అరవై ఐదు. కింద కాగితం నిండా చీమల బారుల్లాంటి అక్షరాలు. కళ్లజోడు సర్దుకుని చదివాను.

"గుప్పెడూ, నీ పాలకి ఎండ తగలకూడదని నానమ్మ ఫ్రిజ్‌కి బొంత కుట్టింది. పాపం దానికి ఉక్కపోసి ఆగిపోయింది. తాతయ్య బాగుచేశాడు. నానమ్మకి మాత్రం రిలే పోయిందని చెప్పాలట, లేకపోతే బాధపడుతుందట. నువ్వు పెద్దయ్యాక కూడా అదే చెప్పు. నీకోసం ఫ్రిజ్‌కి కూడా బొంత కుట్టేవాళ్లున్న ఇల్లు ఇది. తొందరగా రా."

ఆ ప్యాకెట్ చేతిలో చల్లగా కొరుకుతోంది. కళ్లు మాత్రం మండిపోతున్నాయి. కోడలు నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, ఫ్రీజర్లో పెట్టేసి, నన్ను గట్టిగా పట్టుకుంది.

మొహం కడుక్కుని హాల్లోకి వచ్చాను. అందరూ నా బుగ్గల వైపే చూస్తున్నారు, ఎప్పుడు పూరిస్తానా అని.

"బుస్సు కథ పాతబడిపోయింది" అన్నాను. "కొత్తది చెప్తాను. ఇందులో తెలివితక్కువది నేను."

మా ఆయన ఉలిక్కిపడి తలెత్తారు. "ఏమోయ్, రిలే..."

"మీరు ఊరుకోండి" అని మొదటి నుంచి చెప్పాను. బొంత చెప్పాను, నా శాపనార్థాలు చెప్పాను, చొక్కా జేబు చెప్పాను. నవ్వాల్సిన చోట నవ్వించాను కూడా, ఆ విద్య నాకు వచ్చు కదా. జేబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది.

మా ఆయన ఎవరి వైపూ చూడకుండా లేచి, మంచం దగ్గరికి వెళ్లి, గుప్పెడు మీదకి వంగారు. అది నిద్రలోనే ఆయన వేలు పట్టుకుంది.

"విన్నావా గుప్పెడూ" అన్నారు. "మీ నానమ్మకి యంత్రాల గురించి ఏమీ తెలీదు. రిలేనే పోయింది."